పాత క్యాసెట్టు, కొత్త ప్రతి: ‘ఆదిత్య 369’ సంగీతాన్ని ఎలా తూచాలి?



చాలా రోజుల తరువాత ఈ పుటలో వ్రాస్తున్నాను. వ్యాకరణమో ప్రబంధమో వదలి ఈ పంతులు సినిమా సంగీతం మీద పడ్డాడేమిటని కొందరు చదువరులు నొసలు చిట్లించవచ్చు. పైకి సినిమా విషయంగా కనిపించినా, ఇది నా వృత్తికి సంబంధించిన విషయమే. పాఠపరిష్కరణ అన్న మాట తెలిసినవారు కొంచెం ఓపికతో చివరివరకు చదివితే నా బాధ ఏమిటో గ్రహించగలరు.

మేము ముగ్గురం మిత్రులం. నేను మదనపల్లెలో ఉంటాను. రెండవ ఆయనది పుంగనూరు. బట్టల దుకాణం నడిపి, ఇప్పుడు కొడుకులకు అప్పగించాడు. మూడవ ఆయనది కుప్పం. రైల్వేలో పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్నాడు. మా ముగ్గురినీ కలిపినవారు ఇళయరాజా. నలభై ఏళ్లుగా ఎల్పీ రికార్డులు, క్యాసెట్లు, ఆ తరువాత సీడీలు కొని, ఒకరివి ఒకరికి వినిపించుకుంటూ వచ్చాము. మాలో కుప్పం ఆయన సంచి ఎప్పుడూ బరువుగా ఉండేది. ఆ ఊరికి ఒకవైపు తమిళనాడు, మరొకవైపు కర్ణాటక. ఒకే వరుస మూడు భాషలలో ఎట్లా వేషం మార్చిందో ఆయన సంచి విప్పితే తెలిసేది. ‘ఆదిత్య 369’ తమిళంలో ‘అపూర్వ శక్తి 369’ అయిందనీ, హిందీలో ‘మిషన్ 369’ అయిందనీ నాకు మొదట చెప్పినది ఆయనే.

ఇప్పుడు మాకు తగవు వచ్చింది ఆ ‘ఆదిత్య 369’ దగ్గరే.

ఆ చిత్రం పుట్టిననాటికి పుట్టని చదువరుల కోసం నాలుగు మాటలు. 1991 జూలై 18న విడుదలైన ఆ చిత్రానికి సింగీతం శ్రీనివాసరావుగారు దర్శకులు, శివలెంక కృష్ణప్రసాద్‌గారు నిర్మాత, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు సమర్పకులు. మాటలు జంధ్యాలగారివి. 1895లో హెచ్.జి. వెల్స్ వ్రాసిన కాలయంత్రపు నవల దానికి ప్రేరణ. యంత్రమెక్కినవారు 1526 నాటి విజయనగరానికి పోతారు. తరువాత 2504లో పడతారు. రాయలుగానూ, మన కాలపు యువకుడుగానూ నందమూరి బాలకృష్ణగారే కనిపిస్తారు. ఆ రోజులలో పదవ తరగతి పిల్లలకు భువనవిజయం గురించి చెప్పి చెప్పి గొంతు ఎండిన నాకు, వారందరినీ వెంటబెట్టుకొని ఆ సినిమాకు పోవడం ఒక పండుగ. మరునాడు తరగతిలో అష్టదిగ్గజాల పేర్లు అడిగితే, ఎన్నడూ చేయి ఎత్తని పిల్లవాడు కూడా లేచి నిలబడ్డాడు.

ఆ చిత్రాన్ని 4కె చిత్రంగా శుభ్రపరచి, ధ్వనిని 5.1 పద్ధతిలోకి మార్చి, 2025 ఏప్రిల్ 4న మళ్లీ విడుదల చేశారు. అంతకు నెలరోజుల ముందే, మార్చి 8న, ఇళయరాజా లండనులో తన ‘వేలియంట్’ సింఫనీని ప్రదర్శించి వచ్చారు. ఆ ఉత్సాహంలో ఉన్న మాకు ఈ పునర్విడుదల మరొక పండుగే అయింది. నేను చూశాను. ముప్ఫై నాలుగేళ్ల కిందటి చిత్రం కళకళలాడుతూ తెరపై కనిపిస్తే కన్ను చెమర్చింది. ఆ పని చేసినవారికి చేతులెత్తి నమస్కరించాను. ఈ టపా ఆ ప్రతిలో తప్పులెన్నడానికి వ్రాసినది కాదని ముందే మనవి చేస్తున్నాను.

తగవు ఆ తరువాత మొదలయింది. మొన్న ముగ్గురం మా ఇంటి వసారాలో కూర్చున్నప్పుడు కుప్పం ఆయన ఒక మాటన్నాడు.

“అయివారూ, ఇంక ఈ క్యాసెట్లు దేనికి? అట్టపెట్టెలకు పెట్టెలు బూజు పడతా ఉండాయి. కొత్త ప్రతి వచ్చేసింది. రేపో మాపో ఈ సంగీతాన్ని శుభ్రంగా కడిగి రికార్డుగా వేస్తే, ఎంతైనా పెట్టి కొంటాను. పాతవి ఎవరైనా అడిగితే ఇచ్చేస్తాం, లేకుంటే పారేస్తాం.”

మా దగ్గర ముగ్గురివీ కలిపి ఒకచోట పెట్టిన నిధి ఒకటి ఉంది. దానిని ఉంచాలా, తీసివేయాలా అన్నది ముగ్గురం ఒప్పుకుంటేనే జరగాలని ఎప్పుడో అనుకున్నాము. కనుక ఆయన మాట ఊరికే పోయే మాట కాదు. ఆ నిధిలో ఒక క్యాసెట్టు ఉంది. దాని కథ చెప్పాలి.

1991లో పుంగనూరు మిత్రుడు రెండవ ఆటకు పోతూ సంచిలో చిన్న టేపురికార్డరు పెట్టుకొని వెళ్లాడు. తొంభై నిమిషాల క్యాసెట్టు. అటు నలభై ఐదు, ఇటు నలభై ఐదు. పాటలు బజారులో దొరుకుతున్నాయి గనుక అవి ఆయనకు అక్కరలేదు. పాటలు కాని సంగీతం కావలసి వచ్చింది. యంత్రం కదిలేటప్పటి నాదం, విజయనగరం కంటబడినప్పుడు లేచే వాద్యఘోష, భవిష్యత్తులోకి పోయినప్పటి ఆ చల్లని ధ్వనులు. ఇది చట్టం ఒప్పని పనే. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కాని ఆ సంగీతాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి మరొక దారి ఆయనకు కనబడలేదు.

మన దేశంలో సినిమా రికార్డు అంటే పాటల రికార్డనే అర్థం స్థిరపడింది. ఒక చిత్రంలో పాటలు ముప్పావు గంట మించవు. మిగిలిన రెండు గంటలకు సంగీతదర్శకుడు కూర్చిన నేపథ్య సంగీతమంతా మాటల కింద, చప్పుళ్ల కింద అణగి, ఫిల్ముతోపాటే పుట్టి ఫిల్ముతోపాటే పోతుంది. వైజ్ఞానిక కల్పనా చిత్రాలలో ఆ నేపథ్య సంగీతమే ప్రాణం. ప్రేమకథలో సంగీతం లేకపోయినా ముఖం చూసి భావం గ్రహించగలం. 1526కూ 2504కూ మధ్య ఉన్న దూరాన్ని అట్టతో కట్టిన గోడలు చెప్పలేవు, చెవి చెప్పాలి. ఆ భారమంతా సంగీతం మీదే పడుతుంది.

ఈ విషయంలో పడమటి దేశాలవారు కూడా తక్కువ కష్టాలు పడలేదు. ‘బ్లేడ్ రన్నర్’ 1982లో వచ్చింది. వాంగెలిస్ దానికి సమకూర్చిన సంగీతం అసలు రూపంలో అధికారికంగా వెలువడడానికి 1994 దాకా పట్టింది. ఆ పన్నెండేళ్లూ అభిమానులు వేరొక వాద్యబృందం మళ్లీ వాయించిన రికార్డుతోనూ, దొంగచాటు ప్రతులతోనూ సరిపెట్టుకున్నారు. తీరా 1994లో వచ్చినదానిలో సంగీతం మధ్య చిత్రంలోని సంభాషణలు కలిశాయి. చిత్రంలో విన్న కొన్ని ఘట్టాలు లేవు. మళ్లీ 2007లో మూడు సీడీల సంపుటం వచ్చింది. ప్రతి సంచిక వచ్చినప్పుడూ సేకరణకర్తలు తక్కెడ పట్టుకొని కూర్చున్నారు: ఇందులో ఏముంది, ఏది పోయింది, పాతది పారేయవచ్చా? మా వసారాలోని తగవు కూడా అదే.

మన దగ్గర కూడా ఇటువంటి ఉదాహరణ ఉంది. 1957 నాటి ‘మాయాబజార్’ను రంగులలోకి మార్చి, ధ్వనిని కొత్త పద్ధతికి తెచ్చి, 2010 జనవరిలో విడుదల చేశారు. పిల్లలు వచ్చి చూశారు. అది గొప్ప మేలు. కాని ఆ రంగుల ప్రతి నిడివి అసలుకంటే తగ్గింది. రంగుల ప్రతి వచ్చింది గదా అని నలుపు తెలుపుల ప్రతిని ఎవరైనా అటక మీదినుంచి తీసి పారేసి ఉంటే, తగ్గిన ఆ నిమిషాలను ఎక్కడ వెదకుకోవాలి? ఆ ‘మాయాబజార్’కు కె.వి. రెడ్డిగారి వద్ద సహాయకుడుగా పనిచేసిన యువకుడే తరువాత ‘ఆదిత్య 369’ తీసిన సింగీతంగారు. గురువుగారి చిత్రానికి వచ్చిన ప్రశ్నే శిష్యుని చిత్రానికీ వచ్చింది.

మళ్లీ మా క్యాసెట్టు దగ్గరకు వస్తాను. కుప్పం ఆయన మనుమడు బెంగుళూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. తాతగారి మాట మీద ఆ క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించి, ఏదో సాఫ్టువేరుతో శుభ్రపరచి పంపాడు. విన్నాము. బుస్సుమనే టేపు రొద పోయింది. ఈలలు పోయాయి, సోడా సీసాల చప్పుడు పోయింది, విజయనగరం కనబడగానే హాలంతా కొట్టిన చప్పట్లు పోయాయి. కుప్పం ఆయన ముఖం వెలిగిపోయింది. “చూస్తిరా, అద్దం మాదిరి ఉండాది!” అన్నాడు.

పుంగనూరు మిత్రుడు ఏమీ అనలేదు. కాసేపటికి మెల్లగా, “వయొలిన్లు యాడికి పోయినాయి సామీ?” అని అడిగాడు.

మళ్లీ విన్నాము. నిజమే. వాద్యబృందం ఒక్కసారి లేచి, తరువాత నెమ్మదిగా అణగిపోయే చోట, ఆ అణగిపోవడం లేదు. ధ్వని ఉన్నట్టుండి గొయ్యిలో పడ్డట్టు ఆగిపోతుంది. తాళాల మిలమిల లేదు. కారణం ఆ పిల్లవాడే తరువాత ఫోనులో వివరంగా చెప్పాడు. టేపు రొద ఎక్కువగా పై స్థాయి ధ్వనులలో వినిపిస్తుంది. వయొలిన్ల మెరుపు, తాళాల మిలమిల ఉండేదీ అక్కడే. సాఫ్టువేరుకు రెండింటికీ తేడా తెలియదు. సన్నగా, నిలకడగా వినిపించేదంతా దానికి రొదే. కలుపు తీయమంటే వరి మొలకలు కూడా పెరికిన కొత్త కూలీ పని అది.

పిల్లవాడిని తప్పుపట్టలేదు. ఎందుకంటే అంతకంటే పెద్ద తప్పు నేను చేశాను. ఈ టపా వ్రాయడానికి అసలు కారణం అదే. ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్త. పుంగనూరు పరిసరాలలో ఒక పల్లె బడి. పండితశిక్షణ ముగించుకొని వచ్చిన వేడి ఇంకా తగ్గలేదు. ఆ ఊళ్లో ఒక అవ్వ ఉండేది. విసుర్రాయి పాటలు, దంపుళ్ల పాటలు ఆమె నోట గంటల తరబడి వచ్చేవి. బడి వార్షిక సంచికలో వేయాలని సాయంకాలాలు ఆమె ఇంటి తిన్నె మీద కూర్చుని ఒక నోటుపుస్తకం నిండా వ్రాసుకున్నాను. అంతవరకు చేసినది మంచి పనే. తరువాత గదిలో దీపం పెట్టుకొని ఆ పాటలను ‘సవరించాను’. ఆమె పలికిన మాటలకు శబ్దరత్నాకరంలో దొరికే రూపాలు పెట్టాను. గణం తప్పినట్టు తోచినచోట ఒక అక్షరం చేర్చాను. అర్థం కానిచోట నాకు అర్థమయ్యే మాట వేశాను. సంచికలో అచ్చయింది. పెద్దలు మెచ్చుకున్నారు. అచ్చయింది గదా అని నోటుపుస్తకం పాతకాగితాల వానికి వేశాను.

కొన్నేళ్లకు మాండలిక పదాల విలువ ఏమిటో నాకే బోధపడింది. ఆ అవ్వ అప్పటికి లేదు. సంచికలోని పాటలు చదివితే ప్రతి పాదంలోనూ నా గొంతే వినిపిస్తుంది. ఆమెది ఒక్క మాట ఎక్కడుందో, నాది ఎక్కడుందో నేనే వేరుచేయలేను. నేను చేసిన సవరణ తప్పే, కాని క్షమించరాని తప్పు అది కాదు. మూలం పారవేయడం క్షమించరానిది. నోటుపుస్తకం ఉండి ఉంటే, నా తప్పును నేను గాని, నా తరువాతివాడు గాని దిద్దుకొనేవాడు.

అందువల్ల ‘రీమాస్టరు’ అన్న మాట వినగానే నాకు ఉత్సాహమూ కలుగుతుంది, గుండె కూడా దడదడలాడుతుంది.

మన పండితులు ఈ సమస్యను తాళపత్రాల కాలంనుంచీ ఎదుర్కొన్నారు. సి.పి. బ్రౌను దొర కడపలో పండితులను కూర్చోబెట్టి ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్పించాడు. ఒక ప్రతి అందంగా ఉన్నదని తక్కినవి తగులబెట్టలేదు. పరిష్కర్త తాను ఒప్పుకున్న పాఠాన్ని పైన వేసి, ఒప్పుకోనిదాన్ని కింద పాఠాంతరంగా చూపాలన్నది క్రమంగా మర్యాదగా ఏర్పడింది. పీఠికలో ఏ ప్రతి ఎక్కడ దొరికింది, ఎంత శిథిలమైంది, ఎక్కడ తాను పూరించాడు అన్నది చెప్పుకొనేవాడు. పాఠకుడు పరిష్కర్తను నమ్మేది అందుకే.

సంగీతపు పునర్ముద్రణకు కూడా ఇదే మర్యాద వర్తించాలని నా మతం. తళతళ చూసి మోజుపడకుండా, నాలుగు ప్రశ్నలు వేసి తూచాలి.

మొదటిది మాతృక. కొత్త ప్రతిని దేనినుంచి తీశారు? ఒక సినిమా సంగీతానికి ప్రతులు చాలా ఉంటాయి. ఇళయరాజా స్వరాలు కాగితం మీద వ్రాసి వాద్యకారులకు ఇస్తారని లోకప్రసిద్ధం. ఆ కాగితం ఒక ప్రతి. స్టూడియోలో వాయించినప్పటి అయస్కాంతపు టేపు రెండవది. మాటలు, చప్పుళ్లతో కలిసి ఫిల్ము అంచున గీతగా మారినది మూడవది. క్యాసెట్టుగా, రికార్డుగా బజారుకు వచ్చినది నాలుగవది. స్టూడియో టేపునుంచి తీసిన ప్రతికీ, బజారు క్యాసెట్టునుంచి తీసిన ప్రతికీ, కవి స్వహస్తంతో వ్రాసుకున్న ప్రతికీ లేఖకుడు ఎత్తి వ్రాసిన ప్రతికీ ఉన్నంత తేడా ఉంటుంది. రెండింటి అట్ట మీదా ఒకే మాట అచ్చువేస్తే కొనేవాడు ఏమి గ్రహించాలి?

రెండవది సవరణ హద్దు. ఏమి తీశారు, ఏమి చేర్చారు? విడివిడి టేపులు చేతికి దొరికితే ఆరు మార్గాల ధ్వని కూర్చడం సులువు. అన్నీ కలిసిపోయిన ఒక్క ప్రతే దొరికితే, కలిసిన పాలనూ నీళ్లనూ వేరుచేసే హంస కావాలి. ఆ హంస ఇప్పుడు వచ్చింది. 2022లో బీటిల్స్ బృందపు ‘రివాల్వర్’ సంపుటాన్ని కంప్యూటరు సహాయంతో వాద్యానికి వాద్యం విడదీసి మళ్లీ కూర్చారు. అద్భుతమైన విద్య. కాని అట్లా చేశామని వారు లోకానికి చెప్పి చేశారు, పాత కూర్పునూ అదే పెట్టెలో ఉంచి అమ్మారు. నేను కోరేది కూడా ఆ చెప్పడమూ, ఆ ఉంచడమూ.

ఈ హద్దులోనే బిగ్గరతనం అనే జాడ్యం గురించి ఒక మాట. మెల్లని ధ్వనిని పైకి లేపి, పెద్ద ధ్వనిని నొక్కి, అంతా ఒకే ఎత్తున మోగేటట్టు చేయడం పునర్ముద్రణలలో అలవాటయింది. ఫోనులో, కారులో బాగా వినబడుతుంది, అది నిజం. పుంగనూరు మిత్రుడు దీనికి తన ఊరి ఆవును సాక్ష్యం తెచ్చాడు. పుంగనూరు ఆవు పొట్టిది, ఇచ్చే పాలు తక్కువ, ఆ పాలలో వెన్న ఎక్కువ. పాల లెక్క పెంచుకుందామని సీమజాతులతో సంకరం చేస్తూ పోయేసరికి అసలు జాతి అంతరించే స్థితికి వచ్చింది. చివరకు పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో మిగిలినవాటిని కాపాడుకోవలసి వచ్చింది. “చెంబు నిండింది గాని వెన్న పోయింది సామీ” అన్నాడు ఆయన. బిగ్గరగా మోగే ప్రతికి ఇంతకంటే మంచి విమర్శ నేను వ్రాయలేను.

మూడవ ప్రశ్న, పాతదనంలో అర్థమున్నచోట దానిని గౌరవించారా? ‘ఆదిత్య 369’లో రాయల కాలపు పాట ‘జాణవులే’లో బాలసుబ్రహ్మణ్యంగారితోపాటు జిక్కిగారి గొంతు వినిపిస్తుంది. జిక్కి 1950లలో వెలిగిన గాయని. ఆమె కుటుంబం మన చంద్రగిరినుంచి మద్రాసు చేరినదే. 1991లో కొత్త గొంతులకు కరవు లేదు. అయినా గతంలోకి పోయే కథకు గతంనుంచి ఒక గొంతు పిలిపించారు. ఆ గొంతులో వయసు తెచ్చిన గరుకుతనం ఒకటి ఉంటుంది. అది లోపం కాదనీ, వినేవానిని వెనుకకు నడిపించే చేయి అనీ నేను అనుకుంటాను. సాఫ్టువేరు ఆ గరుకును నునుపు చేస్తే పాట శుభ్రంగానే ఉంటుంది. కాలయంత్రం మాత్రం కదలదు.

నాలుగవది సమగ్రత. ఉన్న పాటలనే మళ్లీ మెరుగుపెట్టి అమ్మితే సేకరణకర్తకు కలిగే లాభం కొంచెమే. నేపథ్య సంగీతం విడిగా, పూర్తిగా, మాటలూ చప్పుళ్లూ లేకుండా వెలువడితే అది నిజమైన పునర్ముద్రణ. కొంచెం రొద ఉన్నా సరే.

నా వాదం విని కుప్పం ఆయన ఊరుకోలేదు. ఆయన చెప్పినదీ న్యాయంగా వ్రాయాలి. “మీరు చెప్పేది పుస్తకాలకు సరే. టేపు కాగితం మాదిరి కాదు, రాలిపోతాది. రొద ఉంటే మా మనుమడు రెండు నిమిషాలు కూడా వినడు. రొదను ఇళయరాజా రాసినాడా ఏమి? గుడిలో బొమ్మ మీద సున్నం పేరుకుంటే తియ్యొద్దంటారా?” అన్నాడు.

ఇందులో మూడు మాటలూ నిజమే. టేపు మీది పూత అంటుకొని ఊడిపోవడం మా పెట్టెలలోనే చూశాము. రొదతో వినమని పిల్లలను బలవంతపెట్టలేము. టేపు రొద సంగీతదర్శకుని రచన కాదు. సున్నం మాటకు మాత్రం జవాబు చెప్పాను. సున్నం తీయవలసిందే. కాని ఇసుకను యంత్రంతో వేగంగా చిమ్మి తీసినచోట శిల్పాల ముక్కులు, నగల చెక్కడాలు కూడా అరిగిపోయాయి. నీళ్లతో, మెత్తని కుంచెతో, ఓపికతో తీసినచోట మిగిలాయి. తీయాలా వద్దా అన్న తగవు మనకు లేదు. దేనితో, ఎంతవరకు అన్నదే తగవు. పైగా, గుడికి రెండవ ప్రతి లేదు, టేపుకు ఉండగలదు. శుభ్రపరచినది వినండి, శుభ్రపరచనిది దాచండి. ఈ సౌకర్యం శిల్పికి లేదు, మనకు ఉంది. దానిని వదులుకోవడం అవివేకం.

ఇంకొక ఆలోచన కూడా నన్ను ఆనాటినుంచి వెంటాడుతున్నది. కాలయంత్రం నిజంగా దొరికి 1526లో దిగితే నేను మొదట ఎక్కడికి పోతాను? రాయల సభకు కాదు, తిరుమలకు పోతాను. అన్నమయ్య పరమపదించి అప్పటికి ఇరవై మూడేళ్లు. కుమారుడు పెదతిరుమలాచార్యులు ఉన్నారు. తండ్రి పాడిన వరుస ఆయన చెవిలో ఇంకా ఉండి ఉంటుంది. రాగిరేకుల మీద సంకీర్తనల సాహిత్యం చెక్కారు, రాగం పేరు చెక్కారు. వరుస మాత్రం ఎక్కలేదు. నాలుగు వందల ఏళ్ల తరువాత రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి మహానుభావులు మళ్లీ స్వరపరిస్తే గాని ఆ రేకులు నోరు విప్పలేదు. మా మదనపల్లెలో దీనికి ఎదురు కథ జరిగింది. 1919లో రవీంద్రులు ఇక్కడి కళాశాలలో విడిది చేసి జనగణమన పాడి, ఆంగ్లంలోకి అనువదించినప్పుడు, ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్‌గారి సతీమణి మార్గరెట్ కజిన్స్‌గారు ఆ వరుసను స్వరలిపిలో వ్రాసిపెట్టారు. ఒకచోట మాట మిగిలి వరుస పోయింది. మరొకచోట ఒక స్త్రీ కలం తీసినందున వరుస మిగిలింది. మిగలడం, పోవడం దైవాధీనమని అనుకుంటాము. చాలాసార్లు అది ఆ పూట ఎవరు కలం తీశారు, ఎవరు పెట్టె పారేశారు అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ఈ మాట విన్న తరువాత కుప్పం ఆయన కొంతసేపు కాఫీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. “సరే, పెట్టెలు ఉండనీండి. కాని కొత్తది వస్తే నేను కొంటాను, మీరు ఆపగూడదు” అన్నాడు. నేనూ కొంటానన్నాను. అది ఆయన ఊహించలేదు.

చివరికి మేము చేసుకున్న ఒప్పందం ఇది. క్యాసెట్లు పారవేయము. ఒక్కొక్కదానిని రొద తీయకుండా, ఉన్నది ఉన్నట్టుగా కంప్యూటరులోకి ఎక్కించి, రెండు వేర్వేరు ఇళ్లలో దాచుతాము. ఎక్కించే ముందు టేపును ఒకసారి పూర్తిగా చుట్టి విప్పాలనీ, యంత్రపు తలను శుభ్రం చేసుకోవాలనీ, దస్త్రాన్ని కుదించకుండా వేవ్ రూపంలో ఉంచుకోవాలనీ పిల్లవాడు నేర్పాడు. శుభ్రపరచిన ప్రతి ఆ మూలంనుంచి వేరుగా చేసుకుంటాము. దానికి వేరే పేరు పెడతాము. ప్రతి క్యాసెట్టుకూ ఒక చీటీ: ఎప్పుడు కొన్నది, ఎక్కడ కొన్నది, ఎక్కడ తెగి అతికించినది. పుంగనూరు థియేటరు క్యాసెట్టు చీటీ మీద ఈలలు, చప్పట్లు ఎన్నవ నిమిషంలో ఉన్నవో కూడా వ్రాశాము. ఆ క్యాసెట్టును మా మధ్యనే ఉంచుకుంటాము, ఎక్కడా ఎక్కించము. హక్కులు గలవారు ఆ నేపథ్య సంగీతాన్ని విడిగా వెలువరించిన రోజున, దాని మొదటి కొనుగోలుదారులం మేమే.

వెలువరించేవారికి నా విన్నపం ఒక్కటే. అట్ట మీద మెరిసే అక్షరాల కింద, లోపలి కాగితంలో, ఒక్క పేజీ పీఠిక వ్రాయండి. ఏ టేపు తీసుకున్నారు, అది ఎట్లా ఉన్నది, ఏమి తీశారు, ఏమి చేర్చారు, ఎవరు చేశారు. ఆ పేజీ ఉంటే మీ సవరణ నాకు నచ్చకపోయినా మిమ్మల్ని గౌరవిస్తాను. అది లేకపోతే, ఎంత మధురంగా మోగినా, దీపం ముందు కూర్చుని అవ్వ పాటలు దిద్దిన కుర్ర పండితుడే నాకు గుర్తుకు వస్తాడు.

చదువరులలో ఎవరి అటక మీదనైనా ఆనాటి క్యాసెట్లు, రికార్డులు ఉంటే, పారవేసే ముందు ఒక్కసారి దుమ్ము దులిపి చూడండి. అట్ట మీది కొన్న తేదీ, చేతివ్రాత కూడా చెరపవద్దు. ఈ విషయంలో మీ అనుభవాలు, నాతో విభేదించే అభిప్రాయాలు వ్యాఖ్యలలో వ్రాస్తే సంతోషిస్తాను. కుప్పం మిత్రుని పక్షాన వాదించేవారికి ప్రత్యేక స్వాగతం. ఆయన ఒంటరినయ్యానని అలుగుతున్నాడు.

స్వస్తి.